44 సినిమాలు తీసిన హీరోయిన్

పోయిన సెమిస్టర్‌లో మా క్లబ్ వాళ్లు సినిమా క్విజ్ పెట్టారు. "ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సినిమాలకు దర్శకత్వం వహించిన మహిళగా 2002లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది ఎవరు?" అన్నది ఆఖరి ప్రశ్న. మా టీమ్‌లో నలుగురం తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకుని ఒక ఫ్రెంచ్ పేరు చెప్పాం. పక్క టీమ్ ఫరా ఖాన్ అంది. జవాబు విజయనిర్మల.

ఆ పేరు నాకు తెలియక కాదు. మహేష్ బాబు వాళ్ల నాన్న కృష్ణ గారి భార్యగా తెలుసు, నరేష్ గారి అమ్మగా తెలుసు. డైరెక్టర్‌గా మాత్రం తెలీదు. ఇంటికెళ్లి నాయనమ్మకి చెప్తే, "గిది గూడ తెల్వదా బిడ్డా, మీనా సినిమా తీసింది ఆమెనే కదా" అని నన్ను ఓ చూపు చూసింది. ఆ చూపు వల్లే ఈ వ్యాసం. పదో తరగతి దాకా తెలుగు నాకు సెకండ్ లాంగ్వేజ్ మాత్రమే, కాబట్టి వాక్యాలు ఎక్కడైనా కుంటితే సర్దుకోండి.

ముందు మన తరానికి తెలిసిన చోటు నుంచి మొదలుపెడతా. 2016లో వచ్చిన 'అ ఆ' చూశారు కదా? డబ్బున్న ఇంటి అమ్మాయి, స్ట్రిక్ట్ అమ్మ, అమ్మకి తెలియకుండా పల్లెటూరికి పోవడం, అక్కడ బావతో ప్రేమ. ఆ సినిమా వచ్చినప్పుడు యద్దనపూడి సులోచనారాణి గారి 'మీనా' నవలతో దానికున్న పోలిక గురించి పెద్ద చర్చే నడిచింది. అదే నవలను 1973లోనే విజయనిర్మల సినిమాగా తీశారు. టైటిల్ పాత్ర ఆమే, దర్శకత్వం ఆమే, హీరో కృష్ణ, సంగీతం రమేష్ నాయుడు. ఇంకో తమాషా ఏంటంటే, 'అ ఆ'లో సమంతకి నాన్నగా వేసిన నరేష్ గారు విజయనిర్మల గారి సొంత కొడుకు. అమ్మ హీరోయిన్‌గా వేసిన కథలో, నలభై మూడేళ్ల తర్వాత కొడుకు హీరోయిన్ తండ్రి అయ్యాడు. ఇది కనిపెట్టిన రోజు నేను క్లాసులో పక్కనున్న ప్రతి ఒక్కరికీ చెప్పాను, ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఇక్కడ రాస్తే కనీసం మీరైనా ఆశ్చర్యపోతారని ఆశ.

ఆమె అసలు పేరు నిర్మల. 1946లో పుట్టారు. చిన్నప్పుడే తమిళంలో 'మచ్చ రేకై'తో కెమెరా ముందుకొచ్చారు. 1957లో ఎన్టీఆర్ 'పాండురంగ మహాత్మ్యం'లో చిన్నికృష్ణుడు ఆమే. మలయాళంలో 1964లో వచ్చిన 'భార్గవీ నిలయం'లో దయ్యంగా మారిన భార్గవి పాత్ర వేశారు. వైకం ముహమ్మద్ బషీర్ రాసిన కథ అది. 2023లో 'నీలవెలిచం' పేరుతో మళ్లీ తీశారు, ఓటీటీలో కొందరు చూసే ఉంటారు. తెలుగులో హీరోయిన్‌గా గుర్తింపు బి.ఎన్.రెడ్డి గారి 'రంగులరాట్నం' (1966)తో వచ్చింది. పేరు ముందున్న 'విజయ' మాత్రం విజయా స్టూడియో నుంచి వచ్చింది. ఆ సంస్థ 'షావుకారు'ను తమిళంలో 'ఎంగ వీట్టు పెణ్'గా తీసినప్పుడు ఆమె అందులో వేశారు.

1967లో బాపు గారి మొదటి సినిమా 'సాక్షి'. దాన్ని స్టూడియో సెట్లు లేకుండా గోదావరి ఒడ్డున పులిదిండి అనే ఊళ్లో తీశారు. కృష్ణ, విజయనిర్మల జంటగా కలిసింది అక్కడే. 1969లో పెళ్లి చేసుకున్నారు. ఇద్దరికీ అది రెండో పెళ్లి. అందరూ ఈ భాగం గురించే ఎక్కువ రాస్తారు కాబట్టి నేను ఇక్కడితో వదిలేస్తున్నా. కానీ 'సాక్షి' షూటింగ్ గురించి చదువుతుంటే నాకు వేరే ఆలోచన వచ్చింది. పెద్ద స్టూడియో, పెద్ద సెట్ లేకుండా, తక్కువ డబ్బుతో, ఒక ఊరిని పట్టుకుని సినిమా పూర్తి చేయొచ్చని ఆమె దగ్గరుండి చూసిన సందర్భం అది. తర్వాత ఆమెకి పనికొచ్చింది గ్లామర్ కంటే ఆ లెక్కే అయ్యుంటుందని నా ఊహ.

డైరెక్టర్‌గా ఆమె మొదటి సినిమా తెలుగు కాదు. 1973లో మలయాళంలో 'కవిత' తీశారు. మలయాళ సినిమాకు తొలి మహిళా దర్శకురాలిగా ఆమె పేరే చెప్తారు. అదే ఏడాది 'మీనా'. అప్పటికి ఆమెకి 27 ఏళ్లు.

ఇక్కడ కాస్త ఆగి, అప్పట్లో హీరోయిన్‌గా నటిస్తూ డైరెక్ట్ చేయడం అంటే ఏంటో చెప్పాలి. ఎందుకంటే నేను కూడా మొదట్లో "సెల్ఫీ వీడియో తీసుకున్నట్టే కదా" అనుకున్నా.

ఇప్పుడు మనం ఫోన్‌తో షాట్ తీస్తే వెంటనే ప్లే చేసి చూస్తాం. బాలేకపోతే డిలీట్. సెట్‌లో డైరెక్టర్ ముందు మానిటర్ ఉంటుంది. 1973లో మనవాళ్ల సెట్లలో అవేవీ లేవు. కెమెరాలో కన్ను పెట్టి చూసేది కెమెరామన్ ఒక్కరే. డైరెక్టర్ కెమెరా పక్కన నిలబడి నటుల్ని కళ్లతో చూసి ఓకే అనాలి. మరి ఆ డైరెక్టరే కెమెరా ముందు నటిస్తుంటే? షాట్ ఎలా వచ్చిందో తనకి తెలీదు. నెగెటివ్ మద్రాసు ల్యాబ్‌లో కడిగి, రషెస్ ప్రింట్ వేసి, తెర మీద వేసి చూపించేదాకా తెలీదు. ఈలోపు సెట్ విప్పేసి ఉండొచ్చు, అవతలి నటుడి డేట్లు అయిపోయి ఉండొచ్చు. మన భాషలో చెప్పాలంటే, మూడు వారాలు కోడ్ రాసి, ఒక్కసారి కూడా కంపైల్ చేయకుండా, నేరుగా సబ్మిట్ చేయడం.

ఇక ఫిల్మ్ ఖర్చు. 35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేములు పరుగెడతాయి. అంటే వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో ఖాళీ. ప్రతి రీటేక్‌కీ డబ్బు అక్షరాలా అడుగుల లెక్కన పోతుంది. కలర్ అయితే ఇంకా ఎక్కువ. అందుకే నిర్మాతలు డైరెక్టర్‌ని ఎంచుకునేటప్పుడు "బాగా తీస్తాడా" అని చూసే ముందు "అనుకున్న అడుగుల్లో, అనుకున్న రోజుల్లో తీస్తాడా" అని చూసేవాళ్లు. కొత్తగా దర్శకత్వం మొదలుపెట్టిన ఆడమనిషికి ఈ నమ్మకం ఎవరిస్తారు?

ఆమె కంటే ముందు ఈ ప్రశ్న ఇద్దరు పెద్ద హీరోయిన్లకు ఎదురైంది.

భానుమతి గారు 1953లో 'చండీరాణి' తీశారు. ఒకటి కాదు, తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో. ఎన్టీఆర్ హీరో, ఆమెది ద్విపాత్రాభినయం, డైరెక్షన్ ఆమె. తెలుగులో తొలి దర్శకురాలు అంటే ఆమే. అయితే భానుమతి గారికి, ఆమె భర్త రామకృష్ణారావు గారికి సొంత సంస్థ 'భరణీ పిక్చర్స్' ఉంది. ఎవరినీ అడగాల్సిన పని లేదు. అయినా దర్శకత్వం మీద వరసగా కూర్చోలేదు. నటన, పాటలు, 'అత్తగారి కథలు', ఆమెకి చాలా పనులున్నాయి. మళ్లీ 1974లో 'అమ్మాయి పెళ్లి', 1982లో అందరూ పిల్లలతోనే 'భక్త ధ్రువ మార్కండేయ' తీశారు.

సావిత్రి గారిది వేరే కథ. 1968లో 'చిన్నారి పాపలు'. దర్శకత్వం సావిత్రి, సంగీతం పి.లీల, నృత్యాలు రాజసులోచన, కళ మోహన. కీలకమైన శాఖలన్నీ ఆడవాళ్లవే. ఇప్పుడు ఇలా తీస్తే సోషల్ మీడియా మోగిపోతుంది. అప్పుడు సినిమా ఆడలేదు. ఆ తర్వాత ఎన్టీఆర్‌తో 'మాతృదేవత', తమిళంలో 'మూగమనసులు'కి రీమేక్‌గా 'ప్రాప్తం', ఇలా ఇంకొన్ని తీశారు. 1971లో వచ్చిన 'ప్రాప్తం' సొంత డబ్బుతో తీశారు, అది కూడా పోయింది. 'మహానటి' చూసి ఏడ్చినవాళ్లకి మిగతాది తెలుసు. ఆమె దర్శకత్వం మొదలైంది 1968లో, ఆగిపోయింది 1971లో. మూడేళ్లు.

సావిత్రి గారు ఆగిపోయిన రెండేళ్లకి విజయనిర్మల మొదలుపెట్టారు. పరిశ్రమలో అందరికీ సావిత్రి గారి నష్టాలు గుర్తున్న రోజులవి. "హీరోయిన్లకి డైరెక్షన్ ఎందుకమ్మా" అని చెప్పడానికి అంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు.

'మీనా' బాగా ఆడింది. నవలను ఎంచుకోవడంలోనే ఆమె తెలివి కనిపిస్తుంది. యద్దనపూడి నవలలంటే అప్పట్లో ఆడవాళ్లు లైబ్రరీల్లో పేరు రాయించుకుని, వంతు వచ్చేదాకా ఆగి చదివేవాళ్లని నాయనమ్మ చెప్పింది. అదే 1973లో ఆమె నవల 'జీవన తరంగాలు' కూడా సినిమాగా వచ్చింది. అంటే సినిమా తీయకముందే ప్రేక్షకులు రెడీగా ఉన్నారు. ఒక మహిళ రాసిన కథ, మహిళ తీస్తే, మ్యాట్నీకి మహిళలు వస్తారు. ఈ రోజు మార్కెటింగ్ వాళ్లు పెద్ద పెద్ద పదాలతో చెప్పే విషయమే ఇది.

అసలు పరీక్ష తర్వాతి ఏడాది. 1974లో 'దేవదాసు'ను రంగుల్లో తీశారు. కృష్ణ దేవదాసు, ఆమె పార్వతి, దర్శకత్వం ఆమె. 1953లో అక్కినేని, సావిత్రి చేసిన సినిమాని మళ్లీ ముట్టుకోవడం అంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. జనం ఒప్పుకోలేదు. దానికి తోడు పాత 'దేవదాసు'ని కూడా అదే రోజుల్లో మళ్లీ థియేటర్లలో వేశారు, అది బాగా ఆడిందని చెప్తారు. కొత్తది ఫ్లాప్.

నేను ఈ సినిమా యూట్యూబ్‌లో చూశా. రమేష్ నాయుడు పాటలు బాగున్నాయి. కృష్ణ గారిని తాగుబోతుగా నమ్మడం నాకు కష్టమైంది. తీసినావిడ మీద కోపం రాలేదు గానీ, కథ ఎంపిక మాత్రం తప్పే అనిపించింది. పక్కన పెట్టి పోల్చడానికి పాతది సిద్ధంగా ఉన్నప్పుడు కొత్తది ఎంత బాగున్నా తక్కువే కనిపిస్తుంది.

నా దృష్టిలో విజయనిర్మల కెరీర్‌లో ముఖ్యమైన సంవత్సరం 1973 కాదు, 2002 కాదు. 'దేవదాసు' పోయిన తర్వాతి రెండేళ్లు. ఎందుకంటే 1976లో ఆమె మళ్లీ సినిమాలు తీశారు. 'దేవుడే గెలిచాడు', తెలుగు 'కవిత'. తర్వాత ఇంక ఆగలేదు. 1979లో అక్కినేని, కృష్ణలతో 'హేమాహేమీలు'. అంటే ఏ దేవదాసుతో పోల్చి తనని ఓడించారో ఆ దేవదాసునే తన సెట్‌కి తెచ్చుకున్నారు! 1980లో 'అమర్ అక్బర్ ఆంథోని'ని తెలుగులో 'రామ్ రాబర్ట్ రహీమ్'గా తీశారు, అందులో కృష్ణతో పాటు రజనీకాంత్, చంద్రమోహన్. అదే ఏడాది 'కిలాడి కృష్ణుడు'తో విజయశాంతిని తెలుగుకి పరిచయం చేశారు. 1982లో కృష్ణ మూడు పాత్రలు వేసిన 'డాక్టర్ సినీ యాక్టర్', కొడుకు నరేష్ హీరోగా 'ప్రేమ సంకెళ్లు'. 1983లో శివాజీ గణేశన్‌తో 'బెజవాడ బెబ్బులి'.

ఒక ఫ్లాప్ తర్వాత ఈమె ఎలా నిలబడ్డారు, సావిత్రి గారు ఎందుకు నిలబడలేకపోయారు? టాలెంట్ తేడా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తేడా వెనకాల ఉన్న ఏర్పాటులో ఉంది. విజయనిర్మలకి సొంత సంస్థ 'విజయకృష్ణా మూవీస్' ఉంది. ఇంట్లోనే హీరో ఉన్నాడు. ఆ హీరో ఎలాంటివాడంటే, 1972 ఒక్క ఏడాదిలో 18 సినిమాలు విడుదలైనవాడు. రోజుకి మూడు షిఫ్టులు పనిచేసే మనిషి. మార్కెట్‌లో ఎప్పుడూ కొత్త కృష్ణ సినిమా ఉంటుంది కాబట్టి ఒక నష్టం ఇంకో లాభంలో కలిసిపోతుంది. సావిత్రి గారి వెనక 1968 నాటికి అలా ఎవరూ లేరు. పోయిన ప్రతి రూపాయీ ఆమె ఒంటిది.

"భర్త సూపర్‌స్టార్ కాబట్టి అయింది" అని మా ఫ్రెండ్ ఒకడు తేల్చేశాడు. నిజమే. కానీ ఆ మాట ఆమె ఒక్కదాని గురించే ఎందుకంటాం? మన ఇండస్ట్రీలో నాన్న బ్యానర్‌లో రెండో సినిమా, అన్న బ్యానర్‌లో మూడో సినిమా చేసి నిలబడ్డ మగవాళ్లు ఎంతమంది ఉన్నారో మీరే లెక్కపెట్టుకోండి. వాళ్లని డైరెక్టర్ అంటాం, హీరో అంటాం. ఆమెని ఫలానా వారి భార్య అంటాం.

ఇది మన దగ్గరి సంగతి మాత్రమే అనుకున్నా. తర్వాత ఐడా లుపినో గురించి చదివా. లండన్‌లో పుట్టి హాలీవుడ్‌కి వెళ్లిన నటి. 1949లో 'నాట్ వాంటెడ్' అనే సినిమా డైరెక్టర్‌కి గుండెపోటు వస్తే, పేరు వేసుకోకుండా తనే పూర్తి చేసింది. తర్వాత పేరు వేసుకుని వరసగా తీసింది. భానుమతి గారు 'చండీరాణి' తీసిన 1953లోనే ఆమె 'ది హిచ్‌హైకర్' తీసింది, ముగ్గురు మగాళ్లు, ఒక కారు, ఒక తుపాకీ ఉన్న థ్రిల్లర్. ఆ రోజుల్లో హాలీవుడ్‌లో ఆడ డైరెక్టర్ అంటే దాదాపు ఆమె ఒక్కతే. ఎలా వీలైంది అని చూస్తే, భర్తతో కలిసి పెట్టుకున్న సొంత కంపెనీ, చిన్న బడ్జెట్లు. సముద్రాలు దాటినా లెక్క అదే.

ఆమె సినిమాలన్నీ గొప్పవని చెప్పడానికి ఈ వ్యాసం రాయట్లేదు. 44లో నేను చూసింది ఐదు. 'మీనా' ఇష్టపడ్డాను. 'హేమాహేమీలు' నాయనమ్మతో కలిసి చూశాను కాబట్టి బాగుంది. మిగతావాటిలో ఫైట్లు, జూమ్ షాట్లు ఎక్కువై మధ్యలో ఫోన్ చూసుకున్నా. కానీ ఆ రోజుల్లో మగ డైరెక్టర్లు తీసిన మామూలు సినిమాలు కూడా ఇలాగే ఉండేవి. వాళ్లకి మామూలు సినిమాలు తీసుకుంటూ ముప్పై ఏళ్లు బతికే అవకాశం ఉండేది. ఆడవాళ్లకి మాత్రం ఒక్క సినిమా తీసినా అది చరిత్రలో నిలిచిపోవాలి, లేదంటే "చూశావా, మేం ముందే చెప్పాం" అంటారు. మామూలు సినిమాలు కూడా తీసుకునే హక్కు సంపాదించిన ఆడమనిషి నాకు తెలిసి ఆమే. అది చిన్న సంగతి కాదు.

ఇంత ఆవేశం ఎందుకంటే, నాకూ చిన్న కథ ఉంది. ఫస్ట్ ఇయర్‌లో ఒక పోటీకి నేను ఎనిమిది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశా. ఇబ్రహీంపట్నం చెరువు కట్ట మీద షూటింగ్. కెమెరా సీనియర్ది, మైక్ అసలు లేదు. ఆ కట్ట మీద సాయంత్రం గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. ఎనిమిది నిమిషాలూ గాలి హోరే, డైలాగులు వినపడలేదు. స్క్రీనింగ్‌లో నవ్వారు. అదే రోజు మా బ్యాచ్ అబ్బాయి తీసిన సినిమా నాదానికంటే ఘోరంగా ఉంది, దానికీ నవ్వారు. సెకండ్ ఇయర్‌లో మళ్లీ సినిమా అనుకున్నప్పుడు, "వాడికి ఎక్స్‌పీరియన్స్ ఉంది" అని కెమెరా వాడి చేతికిచ్చారు. నాతో "నువ్వు యాంకరింగ్ బాగా చేస్తావ్ కదా" అన్నారు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఎవరికీ ఇందులో తప్పు కనపడలేదు, అంతే. ఆ రోజు నాక్కూడా కనపడలేదు. యాంకరింగ్ చేశాను.

'దేవదాసు' తర్వాత విజయనిర్మలతో "మీరు హీరోయిన్‌గా బావుంటారు కదా" అనే మాట ఎవరో ఒకరు అనే ఉంటారు. అది అబద్ధం కూడా కాదు. అదే 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'లో సీత ఆమే. మొత్తం మీద రెండు వందలకు పైగా సినిమాల్లో నటించారు. నటన పక్కన పెట్టేసి డైరెక్షన్ చేయలేదు, రెండూ పక్కపక్కనే నడిపించారు.

2008కి గాను రఘుపతి వెంకయ్య అవార్డు వచ్చింది. చివరిగా దర్శకత్వం వహించింది 2009లో, 'నేరము శిక్ష'. మొదటి సినిమాకి, చివరి సినిమాకి మధ్య 36 ఏళ్లు. 2019 జూన్ 27న హైదరాబాద్‌లో చనిపోయారు. అంత్యక్రియలు చిలుకూరు దగ్గర జరిగాయి, అంటే మన రంగారెడ్డి జిల్లాలోనే. ఉన్న ఇల్లు నానక్‌రామ్‌గూడలో. మన సీనియర్లు ప్లేస్‌మెంట్ల కోసం ఫార్మల్స్ వేసుకుని తిరిగే ఐటీ కంపెనీల పక్కనే. మన కాలేజీ నుంచి కాస్త దూరంలో ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీకి గిన్నిస్ రికార్డు ఉందని మనం బయటి ఊరి ఫ్రెండ్స్‌కి గొప్పగా చెప్పుకుంటాం. జిల్లాకి అటు చివర ఇంకో సినిమా గిన్నిస్ రికార్డు కాపురం ఉండేదని క్విజ్‌లో ఓడిపోయేదాకా నాకు తెలీదు.

ఈ సెమిస్టర్ మా క్లబ్ తరఫున రెండు షార్ట్ ఫిల్మ్‌లు తీస్తున్నాం. ఒకటి ఫస్ట్ ఇయర్ అమ్మాయిది, ఇంతకుముందు ఆమె తీసింది ఒకటే, అది అస్సలు బాలేదు. రెండోది నాది. ఈసారి చెరువు కట్ట మీద తీయట్లేదు, మైక్ అద్దెకు తెస్తున్నాం.